ఒక మీసం, మూడక్షరాలు

గాలి గురించి నాకు ఎవరైనా పాఠం చెప్పబోతే ఒళ్ళు మండుతుంది. సైకిలు షాపులో నలభై ఏళ్ళు పని చేసినవాణ్ణి. ట్యూబును చెంప దగ్గర పెట్టుకుంటే చాలు, సూదిమొనంత కన్నమైనా ఎక్కడుందో చెప్పేస్తాను, నీళ్ళ తొట్టిలో ముంచక్కర్లేదు. అందుకే ఆ ఎండాకాలం మొదట్లో, మాటలు నేర్పే బడిలో టీచరమ్మ మా మనవరాలిని చూసి "ఈ పాపకి ముందు గాలి మీద పట్టు లేదు" అన్నప్పుడు ఆవిడ నన్నే ఏదో అన్నట్టనిపించింది.

మనవరాలికి అప్పటికి అయిదేళ్ళు. పుట్టుకతోనే వినపడదు. రెండు చెవుల వెనకా మిషన్లు ఉన్నాయి. వాటితో లారీ హారను తెలుస్తుంది, మాట తెలియదు. ఇంట్లో అందరం దాన్ని పిడుగు అంటాం. పిలిస్తే పలుకుతుందని కాదు, ఆ పిల్ల తీరే అంత. ఆ రోజు నా కూతురు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని టీచరమ్మ ఎదురుగా ఉంది. నేనూ మా ఆవిడా గుమ్మం పక్కన నిలబడ్డాం.

టీచరమ్మ బల్ల మీద దూది ఉండ పెట్టి ఊదమని సైగ చేసింది. పిడుగు బుగ్గలు పొంగించింది. మొహం ఎర్రబడింది. నోట్లోంచి ఉమ్మి పడింది గానీ దూది కదల్లేదు.

"చూశారా, పీల్చుకుంటుంది. దాచుకోవడం రాదు, నెమ్మదిగా వదలడం రాదు," అంది టీచరమ్మ. "నా దగ్గర ఒక్క సీటుంది. సెలవులయ్యాక బడి తెరిచే రోజున మళ్ళీ చూస్తాం. ఈలోగా ఊపిరి నిలవాలి. ప, బ, మ, ఈ మూడూ దేనికది తెలియాలి. మూడింటికీ పెదవులు ఒకేలా మూసుకుంటాయి, తేడా అంతా లోపలుంటుంది. ఆ తేడా పట్టుకున్న పిల్లకి మిగతావన్నీ నేర్పగలను."

"పట్టుకోకపోతే?" అంది నా కూతురు.

"హాస్టలు బడి ఉంది గదమ్మా. వాళ్ళూ మంచివాళ్ళే."

మంచివాళ్ళే. అది మాకూ తెలుసు. అల్లుడు లారీ డ్రైవరు. ఆ దారిన వెళ్ళినప్పుడు చూసొచ్చాడు, కాగితాలు కూడా తెచ్చి ఇంట్లో పెట్టాడు. అతన్ని తప్పు పట్టడానికేం లేదు. కాకపోతే ఆ హాస్టలు మా ఇంటికి ఒక రాత్రీ ఒక పగలూ ప్రయాణం. తిరిగొస్తున్నప్పుడు దారిలో నా కూతురు ఒకే ఒక్క మాట అంది.

"అక్కడ దానికి కడుపునొప్పొస్తే ఎవరికి చెప్తుంది నాన్నా? ఇక్కడంటే దాని మొహం చూసి నేను పోల్చుకుంటాను."

అప్పట్లో నాకు మీసం ఉండేది. ఉండేదంటే అందరికీ ఉన్నట్టు కాదు. మా వీధిలో ఎవరైనా సైకిలు షాపు ఎక్కడని అడిగితే "మీసాలాయన కొట్టా?" అని ఎదురడిగేవాళ్ళు. దాని మీద చెయ్యేసి కూతురితో అన్నాను, "ఈ రెండు నెలలు దాన్ని నాకొదిలెయ్యి. ప, బ, మ అనిపించకపోతే మీసం తీయించేస్తా."

"ఆ మీసం మీద ఇప్పటికి పాతిక పందేలు కాశారు," అంది మా ఆవిడ. "ఓడినవెన్నో నన్నడగవే అమ్మాయీ, చెప్తా."

నా కూతురు చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను మీద పని చేస్తుంది. పొద్దున ఎనిమిదికి వెళ్తే సాయంత్రం అయిదున్నరకి వస్తుంది. అందుకని మర్నాటి నుంచి పిడుగు నాతోపాటు ఇంటి ముందుగదిలో ఉన్న షాపులోనే.

మొదటి రోజు ఏమీ నేర్పలేదు. బెంచీ మీద వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట మీద ఒక పాత సైకిలు సీటు పెట్టానంతే. ఊపిరి పీలిస్తే సీటు లేస్తుంది, వదిలితే దిగుతుంది. తన పొట్టే ఆ సీటును లేపుతోందని తెలిశాక ఇంక దాన్ని ఆపడం నా వల్ల కాలేదు. గాలి కొట్టించుకోవడానికి వచ్చినవాళ్ళంతా బెంచీ చుట్టూ చేరి, లేచిందీ దిగిందీ అని తలలూపుతూ నిలబడ్డారు.

తర్వాత తొట్టి. సన్నటి వాల్వు ట్యూబు ముక్క ఒక కొస నీళ్ళలో పెట్టి, రెండో కొస దాని నోటికిచ్చాను. ఊదింది. ఉన్న గాలంతా ఒక్కసారే బుడబుడమని వచ్చేసింది, ఆ తర్వాత ఏమీ లేదు. టైరు పేలినట్టు. నాకు కావలసింది సూది పంక్చరు. ఎలా చెప్పడం? చెప్తే వినపడదు. అందుకని రెండు పాత ట్యూబులు తీశాను. ఒకదానికి మేకు దిగిన కన్నం, రెండోదానికి ముల్లు గుచ్చుకున్న కన్నం. రెండింటికీ గాలి కొట్టి, దాని అరచెయ్యి పట్టుకుని ఆ కన్నాల మీద పెట్టాను. మొదటిది బుస్సుమని అయిపోయింది. రెండోది సన్నగా, చల్లగా, అలా వస్తూనే ఉంది. పిడుగు నా మొహం చూసింది, ట్యూబు చూసింది. వాల్వు ట్యూబు నోట్లో పెట్టుకుని తొట్టి మీదికి వంగింది. బుడగలు ఒకదాని వెనక ఒకటి వరసగా పైకి వచ్చాయి. నేను వేళ్ళు మడుస్తూ మూడు దాకా లెక్కపెట్టాను. పది రోజులు గడిచేసరికి తొమ్మిది దాకా వెళ్ళింది.

"పిల్లకి మాటలు నేర్పండి మహాప్రభో అంటే పంక్చర్లు నేర్పుతున్నారు," అంది మా ఆవిడ.

"రెండూ ఒకటేనే. లోపలి గాలి బయటికి ఎలా రావాలన్నదే గదా సంగతి."

"మరి మీ నోటికి ప్యాచీ ఎవరేస్తారు?"

అక్షరాలు మొదలుపెట్టాను. పిల్లకి మొహం బాగా కనపడాలని టీచరమ్మ చెప్పింది, అలాగే చేశాను. వెలుతురు నా మొహం మీద పడేలా వీధి వైపు తిరిగి, దాని ఎత్తుకి సరిపడే స్టూలు మీద కూర్చున్నాను. దాని అరచెయ్యి నా నోటి ముందు పెట్టుకుని ప అన్నాను. చిన్న గాలి దెబ్బ తగిలింది. నవ్వింది. మళ్ళీ అనమని గడ్డం పట్టుకుంది. నాలుగో రోజుకి ప అంది. బ కోసం దాని వేళ్ళు నా గొంతు మీద పెట్టించాను, అక్కడ అదురు తెలుస్తుంది. మ కోసం ముక్కు పక్కన. నాలుగు వారాలు తిరక్కుండా, నేను గొంతు లేకుండా వట్టి నోటితో ఏది అంటే అది తిరిగి అనేసేది. ఒక్కటీ తప్పు పోలేదు. రిమ్ము బెండు తీయించుకోవడానికి వచ్చిన పోస్టుమాను తన సంచీ పక్కన పెట్టేసి మరీ చూశాడు. పాలాయన రోజూ ఒకసారి అనిపించుకుని గానీ కదిలేవాడు కాదు.

నా కళ్ళు నెత్తికెక్కాయి. ఎక్కవా మరి?

ఒక్క సంగతి మాత్రం కుదరలేదు. సాయంత్రం కూతురు వచ్చి, చేతులు కడుక్కుని, పిడుగు ముందు కూర్చుని ప అనేది. పిడుగు మ అనేది. తను మ అంటే ఇది బ అనేది. బ అంటే తల్లి మొహం చూసి, నా మొహం చూసి, అసలేమీ అనకుండా ఊరుకునేది.

"నాతో ఎందుకనదు నాన్నా?"

"నువ్వు సరిగ్గా అనడం లేదు. పెదాలు గట్టిగా మూసి వదలాలి. మిషను తొక్కినట్టు గబగబా అంటే ఎలా?"

"నువ్వన్నట్టే అంటున్నా."

"పగలంతా దాని దగ్గరుండేది నేను. నాకు తెలుసా, నీకు తెలుసా?"

నా కూతురు లేచి లోపలికి వెళ్ళి అన్నం గిన్నెలు సర్దుకుంది. ఆ వేసవిలో వెనక్కి తీసుకోగలిగితే తీసుకోవాలనిపించే మాట నాకు అదొక్కటే.

అయిదో వారంలో, కూతురికి ఫ్యాక్టరీ సెలవు రోజున, టీచరమ్మ తన సైకిలు నడిపించుకుంటూ షాపుకి వచ్చింది. వెనక చక్రంలో గాలి లేదు. పిల్లని చూసినట్టూ ఉంటుంది, పంక్చరు వేయించుకున్నట్టూ ఉంటుందని వచ్చానంది. ప్యాచీ వేస్తున్నంతసేపూ నేను చెప్పుకున్న గొప్పలు అన్నీ ఇన్నీ కావు. ఆవిడ ఓపిగ్గా విని, పిడుగు ముందు స్టూలు లాక్కుని కూర్చుంది. గొంతు లేకుండా ప అంది.

పిడుగు చూస్తూ ఉండిపోయింది. టీచరమ్మ మళ్ళీ అంది. పిడుగు దగ్గరికి జరిగి, వేలు చాచి ఆవిడ పైపెదవి మీద పెట్టింది. అటూ ఇటూ తడిమింది. మంచం కింద పడిపోయిన వస్తువు కోసం వెతికినట్టు. దొరకలేదు. అప్పుడు నా వైపు తిరిగి, నా మీసం చూపించి, స్పష్టంగా ప అంది.

టీచరమ్మ బల్ల మీదున్న, ట్యూబులు రుద్దే ఉప్పుకాగితం ముక్క తీసి నా ముక్కుకీ పెదవికీ మధ్య అడ్డం పట్టుకుంది. "ఇప్పుడనండి."

ప అన్నాను. పిడుగు తెల్లమొహం వేసింది. బ అన్నాను, మ అన్నాను. అంతే. కాగితం తీసేసింది. ప అన్నాను. పిడుగు ప అంది.

"పెద్దాయనా," అంది టీచరమ్మ, "పాప మీ పెదవులు చూడటం లేదు. మీ మీసం చదువుతోంది. ప అంటే కింది వెంట్రుకలు ఎగురుతున్నాయి. బ అంటే కొంచెమే కదులుతున్నాయి. మ అంటే ముక్కు గాలికి పైవి వణుకుతున్నాయి. చాలా తెలివైన పిల్ల. ఇంత సన్నటి తేడా నేనైతే పట్టలేను."

"అయితే ఇది మీసాలున్నవాళ్ళతోనే మాట్లాడుతుందా?" అంది మా ఆవిడ.

"ఇంత మీసం ఉన్నవాళ్ళతో."

ఆడవాళ్ళిద్దరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. "మొహం కనపడాలన్నారు, కనపడేలాగే కూర్చున్నాను గదండీ," అన్నాను.

"మొత్తం మొహం కనపడాలన్నాను."

"మీసం మొహం కాదా?"

"ఈ పనిలో కాదండీ. ఈ పనిలో అది అడ్డు తెర."

నా కూతురు అప్పటిదాకా గుమ్మంలో నిలబడి ఉంది. నన్ను ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు మాటలు అనేసినా బాగుండేది.

బడి తెరవడానికి ఇంకా ఇరవై నాలుగు రోజులున్నాయి. మర్నాడు పొద్దున్నే, షాపు తలుపు తీయకముందే, మంగలి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

"కొసలు కత్తిరించనా?" అన్నాడు.

"మొత్తం తీసెయ్యి."

కత్తెర కింద పెట్టేశాడు. "పందెం ఓడిపోయారా?"

"ఓడిపోయా."

"ఎవరి మీద?"

"అయిదేళ్ళ పిల్ల మీద."

తీసేశాక అద్దం ఇవ్వబోతే వద్దన్నాను. బయటికొస్తే పైపెదవి మీద గాలి తగిలింది. నలభై ఏళ్ళుగా గాలితో పని చేస్తున్నాను గానీ ఆ చోట గాలి తగలడం అదే మొదలు.

మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి చుట్టూ తిరిగి చూసింది. "ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం. ఇవాళ్టికి మా ఆయన మొహం చూశాను. ఈ మూతి ముందే చూసుంటే ఇన్నాళ్ళూ భయపడేదాన్ని కాదు."

"నువ్వెప్పుడు భయపడ్డావే?"

"అదే, పడేదాన్ని కాదంటున్నా."

పిడుగు మాత్రం నన్ను చూసి అమ్మమ్మ చీర వెనక దూరింది. మూడు రోజులు నా ముందు కూర్చోలేదు. బలవంతాన కూర్చోబెట్టి ప అంటే, నా పెదవికి పైనున్న ఖాళీ చోటుకేసి చూసేది. అక్కడ ఏమీ లేదని తెలిసి తల తిప్పేసుకునేది. దాని పుస్తకం నేనే చింపేశాను. ఆ కాలమంతటిలో నాకు నిజంగా భయం వేసింది ఆ మూడు రోజులే. అల్లుడు తెచ్చిన హాస్టలు కాగితాలు బీరువా మీద ఉన్నాయి. అటు వెళ్ళినప్పుడల్లా నా కళ్ళు వాటి మీదే పడేవి.

మూడో రోజు సాయంత్రం కూతురు వచ్చి చేతులు కడుక్కుంటుంటే అన్నాను, "అమ్మాయీ, రేపటి నుంచి నువ్వు చెప్పు. గాలి ఆనవాలు తెలిసేలా నీ నోటి ముందు నేను కాగితం ముక్క పట్టుకుంటా."

"నాకు రాదన్నావు గదా నాన్నా."

"అన్నాను. నోరు జారాను. దానికి నీ పెదాలు కనపడుతూనే ఉన్నాయి. నేనే అడ్డంగా కూర్చుని నా మీసం చూపించాను. తప్పు నాదే తల్లీ."

తువ్వాలుతో చేతులు తుడుచుకుంది. "కాగితం వంకర లేకుండా పట్టుకో అయితే," అంది. మర్నాడు సూపర్‌వైజరుతో మాట్లాడి మూడు వారాలు సగం రోజు పనికి ఒప్పించుకుంది.

ఆ తర్వాత మధ్యాహ్నాలన్నీ ఒకటే పని. షాపు గుమ్మంలో తల్లీ పిల్లా ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. నా కూతురి నోటి ముందు సన్నటి కాగితం ముక్క పట్టుకుని నేను పక్కన నిలబడేవాణ్ణి. ప అంటే కాగితం లేస్తుంది. బ అంటే కొంచెమే. మ అంటే ముక్కు కింద పెట్టిన అద్దం ముక్క మీద ఆవిరి కమ్ముతుంది. పిడుగు ఒక చెయ్యి తల్లి గొంతు మీద, ఇంకో చెయ్యి తన గొంతు మీద పెట్టుకుని పోల్చుకునేది. నెమ్మదిగా నడిచింది. నేను నాలుగు వారాల్లో పరిగెత్తించిన దారిని నా కూతురు ఒక్కో అడుగే వేయించింది, కానీ ఏ అడుగూ వెనక్కి పోలేదు. ఊపిరి మాత్రం నేనిచ్చిందే. అందులో ఏమీ వృథా కాలేదు. పన్నెండో రోజున మ దగ్గర అద్దం మసకబారింది. అది చూసి పిడుగు ఆ మసక మీద వేలితో గీత గీసుకుంది. సెలవుల ఆఖరి రోజున పదిసార్లు అడిగితే తొమ్మిదిసార్లు సరిగ్గా అంది.

బడి తెరిచే రోజు పొద్దుటి నుంచీ వాన. బడి గదిలో పొట్టి కుర్చీలు, గోడకి నిలువెత్తు అద్దం, బల్ల మీద చెక్క బొమ్మల పళ్ళెం. టీచరమ్మ పక్కన కళ్ళజోడు పెట్టుకున్న పెద్ద టీచరమ్మ కూడా ఉంది. మమ్మల్ని ముగ్గుర్నీ వెనక బెంచీ మీద కూర్చోమన్నారు.

దూది ఉండ పెట్టారు. పిడుగు ఊదితే అది బల్ల దాటి వెళ్ళి పెద్ద టీచరమ్మ ఒళ్ళో పడింది. ఆ అని అనమంటే తొమ్మిది లెక్కపెట్టేదాకా ఆపలేదు. ప, బ, మ అడిగారు. ఒకసారి తడబడింది, వెంటనే దిద్దుకుంది. నా చెయ్యి అలవాటు కొద్దీ పైపెదవి మీదికి వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చింది.

"శబ్దాలు బాగా వచ్చాయి," అంది పెద్ద టీచరమ్మ. "మాట ఏదన్నా ఉందా?"

"మాటంటే?" అంది నా కూతురు.

"తనకి కావలసింది అడగడానికి తనంతట తను అనే మాటమ్మా. ఏదైనా సరే. ఇంతసేపూ మేం అన్నది తిరిగి అంది. అది అప్పజెప్పడం."

మేం ముగ్గురం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. మాట లేదు. రెండు నెలలు గొంతులు పట్టుకున్నాం, ముక్కులు పట్టుకున్నాం, కాగితాలు ఎగరేశాం. ఆ పిల్లకి ఏం చెప్పాలనుందో అడగాలని ఒక్కరికీ తోచలేదు. చక్రానికి ఎక్కించని ట్యూబుకి గాలి కొడుతూ కూర్చున్నాను నేను.

"మాట మొదలుకాకపోతే ఈ ఏడాది మా క్లాసు అందుకోవడం కష్టం. హాస్టల్లో అయితే చిన్న పిల్లల గుంపు ఉంది కాబట్టి…" అంటూ పెద్ద టీచరమ్మ కాగితం పక్కకి జరిపింది. నా కూతురు బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

నేను కూర్చోలేకపోయాను. లేచి వెళ్ళి పిడుగు ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాను. అదేమో బొమ్మల పళ్ళెంలోంచి ఒక గుర్రం తీసుకుని దాన్ని బల్ల మీద నడిపించే పనిలో ఉంది. జేబులోంచి కాగితం ముక్క తీసి దాని నోటి ముందు పెట్టాను.

"పాప. అనమ్మా. పా-ప."

నా చెయ్యి పక్కకి నెట్టింది. మళ్ళీ పెట్టాను. "పా-ప." మళ్ళీ నెట్టింది. మూడోసారి పెట్టాను. అప్పుడు గుర్రాన్ని ఆపి, నా మొహంలోకి సూటిగా చూసి, పెదవులు గట్టిగా మూసి, గుండ్రంగా తెరిచి అంది.

"పో."

కాగితం నిలువునా లేచింది.

ఇంత కష్టపడి, ఆఖరికి పెద్దావిడ ఎదుట ఇంత అమర్యాదా?

"తప్పు, తాతని అలా అనకూడదు," అంది మా ఆవిడ వెనక నుంచి. అనేశాక, మాటే రాని పిల్లని మాట అన్నందుకు కోప్పడుతున్నానని తెలిసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

పెద్ద టీచరమ్మ కళ్ళజోడు తీసింది. "ఈ మాట ఎవరు నేర్పారు?"

"మేం నేర్పలేదండీ," అన్నాను.

"నేర్పలేదు గానీ," అంది నా కూతురు. "మా నాన్న పంపు దగ్గరికొచ్చే కుక్కని అంటాడండీ. గాలి కొట్టించుకున్నాక కబుర్లు మొదలుపెట్టేవాళ్ళనీ అంటాడు. రోజంతా అంటూనే ఉంటాడు."

అంటాను. వీధి మొత్తానికి తెలుసు. కానీ నేను అనడం దానికెలా తెలుసు? నా ముందు కూర్చోవడానికే ఇష్టపడనిది, పక్కనుంచి తన పని తాను చేసుకుంటున్నట్టే ఉంటూ, ఆ ఇరవై నాలుగు రోజులూ నా మూతి చూస్తూనే ఉందన్నమాట. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోవడానికి అప్పుడు మీసం కూడా లేదు.

"మీరు కదలకండి," అంది పెద్ద టీచరమ్మ. కదల్లేదు. పిడుగు విసుగ్గా తలుపు కేసి చెయ్యి చూపించి, ఈసారి ఇంకొంచెం గట్టిగా "పో" అంది.

పెద్ద టీచరమ్మ కాగితం తిరిగి ముందుకి లాక్కుని కలం తెరిచింది. "ఇది అప్పజెప్పడం కాదు. తనకి కావలసింది అడిగింది. ఇచ్చెయ్యండి మరి."

లేచి బయటికి వెళ్ళిపోయాను. వరండాలో వాన జల్లు పడుతోంది. కాసేపటికి నా కూతురు వచ్చింది. కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుతోంది.

"నాన్నా, సీటు రాసేశారు. లోపలికి రా."

"రాను. నన్ను పొమ్మంది."

"చిన్నపిల్ల అన్నది పట్టుకుని ఏంటి నాన్నా."

"మాట కావాలన్నారు, మాట వచ్చింది. మాటంటే మాటే. అది రమ్మన్నప్పుడు వస్తాను."

టీచరమ్మ గుమ్మంలోంచి విని నవ్వింది. "ర ఇప్పట్లో రాదు పెద్దాయనా. నాలుక కొస ఆడాలి. మా పిల్లలకి అన్నిటికంటే ఆలస్యంగా వచ్చేది అదే. ఏడాది దాటుతుంది."

"దాటనీయండి," అన్నాను.

రోజూ సైకిలు మీద పొద్దున దింపేది నేనే, సాయంత్రం తెచ్చేది నేనే. గేటు దగ్గరే ఆగిపోయేవాణ్ణి. తల్లిదండ్రుల్ని పిలిచిన రోజున కూతురు లోపలికి వెళ్ళింది, అల్లుడు లారీ ఆపుకుని వచ్చి వెళ్ళాడు, మా ఆవిడ వెళ్ళింది. నన్ను మొండివాడన్నారు, ముసలితనానికి తిక్క తోడైందన్నారు. అననిచ్చాను. అమ్మ, నీళ్ళు, నొప్పి, వద్దు, ఒక్కొక్కటే ఇంటికి వచ్చాయి. తాత కూడా వచ్చింది. అయినా గేటు దాటలేదు.

పదిహేనో నెలలో ఒక రోజు పొద్దున కారియరు మీద నుంచి దింపాను. సంచీ తగిలించుకుని లోపలికి సగం దూరం వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగింది. నేను ఎప్పటిలా గేటు బయటే ఉన్నాను. రమ్మన్నట్టు చెయ్యి ఊపింది. నోరు తెరిచి నాలుక ఎక్కడ పెట్టాలో వెతుక్కుంది. మొదటిసారి లా అని వచ్చింది. తల అడ్డంగా ఊపుకుంది. రెండోసారీ అంతే. మూడోసారి వచ్చింది ర కాదు, ల కాదు, రెంటికీ మధ్య ఏదో. టీచరమ్మ అయితే ఇంకోసారి అనమనేది.

సైకిలుకి స్టాండు వేసి లోపలికి వెళ్ళాను.